పడవకి రంగు తర్వాత, ముందు ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకోండి

ప్రశ్న: నేను, మా ఆవిడ ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్ దగ్గర గ్రాండ్ యూనియన్ కాలువలో 57 అడుగుల నారోబోట్‌లో (కాలువల్లో తిరిగే సన్నటి ఇనప పడవ) మూడేళ్లుగా ఉంటున్నాం. పడవ 1999లో కట్టింది, సొంతం, దాని మీద అప్పు లేదు. రంగు బాగా వెలిసిపోయింది, కిటికీల చుట్టూ తుప్పు కనిపిస్తోంది. పెయింటర్ అడుగుకి 170 పౌండ్లు చొప్పున 9,690 అని కొటేషన్ ఇచ్చాడు. ఆరు వారాలు పడుతుందట, అన్నాళ్లూ మేం ఒడ్డున వారానికి 240 పౌండ్ల స్టూడియో ఫ్లాట్‌లో ఉండాలి. ఇద్దరికీ కలిపి చేతికి 3,400 వస్తాయి, ఇంటికి పంపేదాంతో కలిపి ఖర్చు 2,600. బ్యాంకులో 7,800 ఉన్నాయి. అందులోంచి 5,000 తీస్తాను. మిగతాదానికి 9.9 శాతం మీద పర్సనల్ లోన్ మంచిదా, గుంటూరులో నాన్నగారు అమ్మ బంగారం మీద గోల్డ్ లోన్ తీసి పంపిస్తానంటున్నారు, అది మంచిదా? అద్దె జీరో పర్సెంట్ క్రెడిట్ కార్డు మీద వేద్దామనుకుంటున్నాను. స్కిల్డ్ వర్కర్ వీసా, ఈ కంపెనీలో చేరి 14 నెలలైంది. ఈమధ్యే కొంతమందిని తీసేశారు, మా టీమ్ జోలికి రాలేదు.

జవాబు: రెండూ వద్దు. ఏ అప్పు మంచిది అని మీరు అడిగారు కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆఖరి రెండు వాక్యాలు. నారోబోట్‌లో ఉండే తెలుగువాళ్లు ఎంతమంది ఉంటారు, ఈ ప్రశ్నకి ఇంత జవాబు దేనికి అని కొందరికి అనిపించొచ్చు. హైదరాబాద్‌లో ఇంటీరియర్స్ కోసం టాపప్ లోన్ తీసుకుని, పని అయ్యేదాకా అద్దెకి వెళ్లి, ఈఎంఐ, అద్దె రెండూ కడుతూ, ఉన్న నాలుగు డబ్బులూ వడ్రంగికి ఇచ్చేసి కూర్చునేవాళ్లు చేసే పొరపాటూ ఇదే. అందుకే రాస్తున్నాను.

ముందు మీ లెక్కే సరిగ్గా లేదు. కొటేషన్ ఇంకోసారి తీసి చూడండి, ‘ప్లస్ వ్యాట్’ అని ఉందేమో. మీరు రాసిన 9,690 సరిగ్గా 57ని 170తో గుణిస్తే వచ్చేదే, కాబట్టి వ్యాట్ కలపలేదనే నా అనుమానం. 20 శాతం వేస్తే ఇంకో 1,938, మొత్తం 11,628. ఆరు వారాల అద్దె 1,440. మీరు లేనంత మాత్రాన మెరీనా (పడవలు కట్టేసుకునే చోటు) వాళ్లు మూరింగ్ ఫీజు, అంటే పడవ కట్టేసుకున్నందుకు తీసుకునే డబ్బు, ఆపరు, లైసెన్సూ ఆగదు, అంటే ఆ ఆరు వారాలు మీరు రెండిళ్లకి కడుతున్నారు. సామాను ఎక్కడ పెడతారో మీరు రాయలేదు. పని బాగా చేసే పెయింటర్ కిటికీలన్నీ ఊడదీసి ఫ్రేముల కింద తుప్పు గీకుతాడు, లోపలంతా దుమ్ము, కాబట్టి పరుపులూ బట్టలూ పడవలో వదిలేసి వెళ్లడం కుదరదు. పైగా ఆరు వారాలు అంటే ఆరు వారాలేనా? చలికి, తేమకి రంగు పట్టదు, షెడ్‌లో హీటింగ్ లేకపోతే అక్టోబర్ దాటాక పని నత్తనడకే. నవంబర్ నుంచి మార్చి దాకా కాలువల బాగోగులు చూసే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ వాళ్లు లాకులు బాగుచేసుకోవడానికి అక్కడక్కడా కాలువలు మూసేస్తారు, పెయింటర్ దగ్గర్నుంచి మీ మెరీనాకి వచ్చే దారిలో అలాంటి స్టాపేజ్ ఒక్కటి పడిందంటే రంగేసిన పడవ అక్కడ, అద్దె కడుతూ మీరు ఇక్కడ. ఎండాకాలం అయితే గ్యారంటీ అనీ కాదు, 2025 వేసవిలో నీళ్లు చాలక లీడ్స్-లివర్‌పూల్ కాలువలో చాలా దూరం మూసేశారు.

ఇప్పుడు అసలు విషయం. మీ 7,800 అంటే సరిగ్గా మూడు నెలల ఖర్చు. అందులోంచి 5,000 తీస్తే 2,800 మిగులుతుంది, నెల కంటే కాస్త ఎక్కువ. ఆ ఆరు వారాలు మీరు ఒడ్డున ఉంటారు, పడవ కిటికీలు లేకుండా షెడ్‌లో ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఉద్యోగం పోయిందనుకోండి. అపశకునం మాట్లాడుతున్నానని తిట్టుకోకండి, తీసేస్తున్నారని రాసింది మీరే. చట్టప్రకారం వచ్చే రిడండెన్సీ పే (ఉద్యోగం తీసేస్తే ఇచ్చే పరిహారం) రావాలంటే ఒకే కంపెనీలో రెండేళ్ల సర్వీసు ఉండాలి, మీకు 14 నెలలు, కాబట్టి నోటీసు జీతం తప్ప కంపెనీ దయతలిచి ఇస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. వీసా మీద పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వ సాయం, వాడుకోకూడదని ఉంటుంది, యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భృతి మీకు రాదు. కంపెనీ హోం ఆఫీసుకి చెప్పాక అక్కడ్నుంచి ఉత్తరం వస్తుంది, మామూలుగా 60 రోజులు టైమిస్తారు, ఆలోపు మీ వీసాకి కొత్త స్పాన్సర్ కంపెనీ దొరకాలి, మీ ఆవిడ వీసా కూడా మీదాని మీదే ఆధారపడి ఉంటే ఆమె జీతం కూడా అదే 60 రోజుల లెక్కలోకి వస్తుంది.

అప్పుడు పడవ అమ్మేద్దాం అంటారా? కిటికీలు ఊడదీసి, ఒక పక్క ప్రైమర్, ఇంకో పక్క పాత రంగు ఉన్న పడవని ఎవరు కొంటారు? పూర్తిగా బాగున్న పడవకే బ్రోకర్ దగ్గర నెలలు పట్టొచ్చు. ఇల్లున్నవాడు ఇల్లు చూపించి అప్పు తెచ్చుకుంటాడు, పడవకి మామూలు హోం లోన్ ఇవ్వరు, దాని మీద ఇచ్చే మెరీన్ ఫైనాన్స్ వాళ్లు ఉద్యోగం లేనివాడి మొహం కూడా చూడరు. అందుకే పడవలో కాపురం ఉండేవాళ్లకి నేను మూడు నెలల లెక్క చెప్పను, ఆరు నెలలు అంటాను, మీకు 15,600. అదీ ఎప్పుడంటే అప్పుడు తీసుకునే అకౌంట్‌లో, షేర్లలో కాదు, గుంటూరు చిట్టీలో అసలే కాదు. వీసా మీద ఉన్నవాళ్లకి సెటిల్‌మెంట్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కు) అప్లికేషన్ ఫీజు ఒక్కొక్కరికి 3 వేల పౌండ్ల పైనే, ఇద్దరికీ ఆరు వేలు దాటుతుంది, అది ఎమర్జెన్సీ కాదు, వస్తుందని తెలిసిన ఖర్చు, దానికి వేరే పక్కన పెట్టుకోవాలి. ఆ మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

గోల్డ్ లోన్ సంగతి. అమ్మగారి బంగారాన్ని ఇంగ్లండ్‌లో పడవ రంగుకి తాకట్టు పెట్టడమేంటండీ? కట్టాల్సింది మీరు, సంతకం నాన్నగారిది, మీ ఉద్యోగం పోతే నోటీసు వచ్చేది గుంటూరుకి. ‘ఇంట్లో ఊరికే పడుంది కదా’ అని అందరూ అంటారు, బ్యాంకు వేలం ప్రకటనల్లో కనిపించే బంగారం అంతా ఒకప్పుడు ఎవరింట్లోనో ఊరికే పడున్నదే. నాన్నగారికి ఈ వారమే ఫోన్ చేసి వద్దని చెప్పండి. పర్సనల్ లోన్ అయితే 5,000కి మూడేళ్లకి నెలకి 160 పౌండ్లు, మీకు మిగిలే 800లో ఐదో వంతు పోతుంది, జీతం ఆగినా అది ఆగదు. ఇక అద్దెని జీరో పర్సెంట్ కార్డు మీద వేయడం అంటే, ఇంటివాళ్లు కార్డు తీసుకుంటారో లేదో, ఒక్క నెల కట్టడం తప్పితే ఆ జీరో ఎగిరిపోవచ్చు, ఆఫర్ అయిపోయాక వడ్డీ ఎంతో మీకు తెలుసు.

ఇంకోటి, ఇది డబ్బు కంటే ముందు చూడాల్సింది. మీరు నీళ్ల పైన కనిపించేదాని గురించే రాశారు. 26 ఏళ్లు దాటిన ఇనప పడవలో ఖరీదైన జబ్బు నీళ్ల కింద ఉంటుంది. ఆ రోజుల పడవలు చాలావరకు అడుగున 10, పక్కల 6, పైన క్యాబిన్ 4 మిల్లీమీటర్ల ఉక్కుతో కట్టారు, తుప్పుకి, గుంటలకి ఆ పక్కల 6 తగ్గుతూ వస్తుంది, 4 కంటే కిందికి పోతే ఇన్సూరెన్స్ వాళ్లు మొహం చిట్లిస్తారు, పైన కొత్త ప్లేట్లు వెల్డింగ్ చేయించమంటారు. ఆ పని వేల పౌండ్లలో ఉంటుంది. పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు దాటిన పడవకి హల్ సర్వే (పడవ ఇనప ఒంటికి చేసే పరీక్ష) లేకుండా పూర్తి కవర్ ఇవ్వని కంపెనీలు చాలా ఉన్నాయి, మీ పాలసీలో ఆ వయసు ఎంతని రాసుందో చూశారా? అడుగున తారు పూత, అదే బ్లాకింగ్, కొన్నప్పుడు వేయించారేమో, మామూలుగా రెండు మూడేళ్లకోసారి వేయించాలి కాబట్టి మీకు టైం వచ్చేసింది. ఇప్పుడు పదకొండు వేలు పోసి పైన రంగేయించి, వచ్చే ఏడాది సర్వేలో ప్లేట్లు వేయాలని తేలితే, వెల్డింగ్ వేడికి గన్నెల్ (పడవ పక్కల పై అంచు) దగ్గర కొత్త రంగు కాలిపోతుంది. సర్వే ముందు, వెల్డింగ్ ఉంటే తర్వాత, రంగు ఆఖరున. ఈ వరస మార్చకండి.

కాబట్టి ఈ ఏడాది చేయాల్సింది, పడవని డ్రై డాక్‌లోకి (నీళ్లు తోడేసి పడవ అడుగు పని చేసే చోటు) తీసుకెళ్లి ఒకే దెబ్బకి సర్వే, బ్లాకింగ్, యానోడ్లు (అడుగున తుప్పు ఆపే లోహపు ముక్కలు) చూపించుకోవడం. సర్వేయర్‌కి కొన్ని వందలు, డాక్‌కి, పూతకి ఇంకొంచెం, ఇది మీ నెలసరి మిగులుతో రెండు మూడు నెలల్లో అయ్యే పని, 7,800 ముట్టుకోవాల్సిన అవసరం రాదు. ఒడ్డున ఉండాల్సిందీ కొద్ది రోజులే, స్నేహితుల ఇంట్లో సర్దుకోండి. కిటికీల చుట్టూ తుప్పు మాత్రం ఆగమంటే ఆగదు, వర్షం లేని వారాంతాల్లో మీరే గీకి, తుప్పు మందు రాసి, ప్రైమర్, పైన దగ్గర్లో కలిసే రంగు వేయండి, అతుకుల బొంతలా కనిపిస్తుంది, కనిపించనీయండి. మొత్తం మీరే వేసుకుందామంటే రోజుల లెక్కన, వారాల లెక్కన డాక్ అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు, కానీ ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ అది అయ్యేపని అని నాకు నమ్మకం లేదు.

తర్వాత నెలకి 800 చొప్పున ఎమర్జెన్సీ ఫండ్ 15,600కి తేవడానికి పది నెలలు, మధ్యలో డాక్ ఖర్చు ఉంది కాబట్టి ఏడాది అనుకోండి. అది నిండాకే పెయింటింగ్ డబ్బు వేరే అకౌంట్‌లో మొదలుపెట్టండి. ఈలోపు మీ ఆవిడ పని గంటలు పెరిగితే తొందరగా అవుతుంది, మీకు రెండేళ్ల సర్వీసు నిండితే రిడండెన్సీ పే భరోసా కూడా వస్తుంది. ఇన్‌కమ్ ప్రొటెక్షన్ పాలసీ గురించి కొందరు చెప్తారు, మంచిదే, కానీ మామూలుగా అది జబ్బు చేస్తే ఇచ్చేది, ఉద్యోగం తీసేస్తే ఇచ్చేది కాదు, కాబట్టి దాన్ని చూసుకుని ఫండ్ తగ్గించకండి.

రంగు వేయించే రోజు వచ్చినప్పుడు రెండు విషయాలు. పడవని యార్డులో వదిలి మీరు ఒడ్డున ఉంటున్నట్టు ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టండి, ఎవరూ ఉండని, కిటికీలు లేని పడవకి కవర్ ఉందో లేదో రాతలో తెప్పించుకోండి, యార్డు వాళ్ల పాలసీ కాపీ కూడా అడగండి, మా యార్డులో ఎప్పుడూ ఏమీ కాలేదండీ అంటే అది పాలసీ కాదు. రెండోది, అడ్వాన్స్ మాత్రం క్రెడిట్ కార్డుతో కట్టండి. 100 పౌండ్ల పైన, 30,000 లోపు పనికి 1974 కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ సెక్షన్ 75 కింద కార్డు కంపెనీ కూడా బాధ్యురాలు, కొంత భాగం కార్డు మీద కట్టినా మొత్తానికీ ఆ రక్షణ ఉంటుంది, మీ పడవ షెడ్‌లో ఉండగా యార్డు మూతపడితే డబ్బు వెనక్కి అడగడానికి ఉన్న గట్టి దారి అదే. నెల తిరక్కుండా ఆ బిల్లు పూర్తిగా కట్టేయాలి. మిగతాది పని అయినకొద్దీ విడతలుగా ఇవ్వండి, కార్డు తీసుకోను, మొత్తం ముందే బ్యాంకులో వేయమని పెయింటర్ పట్టుబడితే ఇంకో పెయింటర్‌ని చూడండి.