ఓపల్‌ను మనవరాలి పెళ్లికి పొదుపుగా లెక్కించవచ్చా?

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఉద్యోగం చేస్తున్న పాఠకులొకరు, గుంటూరు నుంచి వచ్చిన తల్లిదండ్రులను, కూతురిని వెంటబెట్టుకుని ఓపల్ అనే రత్నాల గనులున్న కూబర్ పీడీ ఊరు చూడబోతున్నామని, అక్కడ తమ నాన్నగారు సొంత డబ్బుతో 5,000 ఆస్ట్రేలియా డాలర్లకు ఓపల్ కొని మనవరాలి పెళ్లికి దాచాలనుకుంటున్నారని రాస్తూ, అది మంచి పెట్టుబడేనా అని అడిగారు.

ప్రయాణానికి తప్పక వెళ్లండి; పెట్టుబడి ఆలోచన మాత్రం మానుకోండి. బంగారమైతే ఏ ఊళ్లోనైనా తూకం వేసి ఆ రోజు ధరకు తీసుకుంటారు. ఓపల్‌కు అలాంటి రోజు ధర లేదు. రంగులు, మెరుపు, మందం చూసి ఒక్కో రాయికి ఒక్కో ధర కడతారు కనుక, కొన్న ధరలో సగానికైనా గుంటూరులో అమ్మడం కష్టం. ముచ్చటపడితే చిన్న రాయి కొనండి గానీ, ముందు దాన్ని పక్క నుంచి పరిశీలించండి: అంచున అతుకు గీత కనిపిస్తే అది పలుచని ఓపల్ పొరను నల్లని అడుగుకు అతికించిన డబ్లెట్ కావచ్చు, దాని ధర పూర్తి రాయి ధరలో కొంతే ఉండాలి. నాన్నగారు దేశం విడిచే ముందు 60 రోజుల లోపు, ఒకే దుకాణంలో 300 డాలర్లకు తగ్గకుండా కొని, పన్ను బిల్లుతో విమానాశ్రయంలో చూపిస్తే జీఎస్టీ తిరిగి వస్తుంది. 2,200 డాలర్ల రాయి మీద అది 200 డాలర్లు.

అసలు ఖర్చు దారిలో ఉంది. అడిలైడ్ నుంచి ఒకవైపే 850 కిలోమీటర్లకు దగ్గర, అందులో ఎక్కువ భాగం స్టువర్ట్ హైవే; రానుపోను పెట్రోలు సుమారు 150 లీటర్లు. దారిలో గ్లెండాంబో అనే చిన్న ఊరు దాటాక దాదాపు 250 కిలోమీటర్ల మేర బంకు ఉండదు. అద్దె కారైతే, మట్టిరోడ్లకూ చీకటిపడ్డాక కంగారూలు ఢీకొన్నప్పటి నష్టానికీ బీమా వర్తిస్తుందో లేదో ఒప్పందంలో చదవండి, ఎందుకంటే రంగురంగుల బ్రేకవేస్ కొండలకూ, డింగోలనే అడవి కుక్కలను ఆపడానికి 5,000 కిలోమీటర్లకు పైగా సాగే డింగో కంచెకూ మట్టిదారిలోనే వెళ్లాలి.

వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది కనుక పెద్దవాళ్లతో ఏప్రిల్–సెప్టెంబరు మధ్య వెళ్లడమే మేలు. ఒక రాత్రి నేల కింద తొలిచిన గదిలో బస చేయండి. గోడల మీద తవ్వుడు యంత్రం గీతలు కనిపించే ఆ గదిలో ఏసీ లేకుండానే చల్లగా ఉంటుంది, అక్కడ డబ్బు పొదుపు చేయబోకండి. మనవరాలికి రాయి కావాలంటే, ఊళ్లో అందరికీ కేటాయించిన, గనుల నుంచి తవ్విపోసిన మట్టిగుట్టల్లో ఉచితంగా వెతుక్కోవచ్చు. దాన్ని అక్కడ నూడ్లింగ్ అంటారు.