మంచం పట్టినవారిని ఎలా చూస్తున్నారో చూడండి

ప్రశ్న: మా అమ్మగారికి 79 ఏళ్లు. షుగరు వల్ల రెండు పూటలా ఇన్సులిన్ తీసుకుంటారు. ఏడాదిగా మతిమరుపు కూడా మొదలైంది. నాన్నగారు పోయాక రాజమండ్రిలో ఒంటరిగా ఉంటున్నారు. నేనూ తమ్ముడూ అమెరికాలో ఉన్నాం. హైదరాబాద్ శివార్లలో రెండు వృద్ధాశ్రమాలు చూశాం. ఒకటి హోటల్‌లా ఉంది, నెలకు చాలా ఎక్కువ అడుగుతున్నారు. రెండోది పాత భవనమే గాని మనుషులు ఎంతో మర్యాదగా మాట్లాడారు. ఎక్కడ బాగా చూసుకుంటారో తేల్చుకోవడం ఎలా?
– ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: భవనాన్నీ మర్యాదనూ రెండింటినీ కాసేపు పక్కన పెట్టండి. మీతో మర్యాదగా మాట్లాడింది ఆఫీసు గదిలోని వారు. అర్ధరాత్రి మీ అమ్మగారు బాత్రూముకు లేస్తే చెయ్యి పట్టుకోవలసింది ఆయా. రాత్రి డ్యూటీలో ఎందరుంటారు, వారిలో నర్సింగ్ చదివినవారెందరు, ఒక్కొక్కరు ఎంతమందిని చూసుకోవాలి అని అడిగి, డ్యూటీ రిజిస్టరు చూపించమనండి. ఆయాలు తరచూ మానేసి వెళ్లిపోయే చోట, మతిమరుపు ఉన్న మనిషికి ప్రతి నెలా కొత్త ముఖాలే కనిపిస్తాయి.

చూడటానికి వచ్చినవారికి సాధారణంగా వరండాలో పేపరు చదువుకునే పెద్దవారిని చూపిస్తారు. మీరు చూడవలసింది పూర్తిగా మంచం పట్టినవారిని. వారి అనుమతితో, లేదా వారి కుటుంబం అనుమతితో, ఒకరిద్దరి మడమలూ నడుము కింది భాగమూ చూడండి. పడక పుండ్లు మొదట అక్కడే వస్తాయి. అలాంటివారిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, తిప్పినట్టు చార్టులో రాయాలి. ఆ చార్టును కూడా తెరిచి చూడండి. వారం రోజుల గడులన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో నిండి ఉంటే అనుమానించాలి. రేపటి గడులు కూడా నిండి ఉంటే ఇక అడగవలసిందేమీ లేదు.

తరువాత బరువు. చేరిన రోజున బరువు చూసి, ఆపైన నెలనెలా రాసే అలవాటు ఉందో లేదో కనుక్కోండి. కారణం తెలియకుండా నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే డాక్టరు చూడవలసిందే. 50 కిలోల మనిషికి నెలలో రెండున్నర కిలోలు తగ్గడం అంటే అదే. దాని వెనుక జబ్బు ఉండవచ్చు, కట్టుడుపళ్లు పోయి ఉండవచ్చు, తినిపించే మనిషే లేకపోవచ్చు. అందుకే మధ్యాహ్నం భోజనాల వేళకు చెప్పకుండా వెళ్లండి. చేతులు వణికే వారి దగ్గర ఎవరైనా కూర్చుని తినిపిస్తున్నారా, ముట్టని కంచాలు అలాగే లోపలికి వెళ్తున్నాయా, మంచినీళ్ల గ్లాసు చేతికి అందేంత దగ్గరగా ఉందా అన్నవి అప్పుడే తెలుస్తాయి. మాటిమాటికీ బాత్రూముకు తీసుకెళ్లవలసి వస్తుందని నీళ్లు తక్కువ ఇచ్చే చోట్లు కూడా ఉన్నాయి.

మీ అమ్మగారి విషయంలో ఇన్సులిన్ గురించి విడిగా అడగాలి. చాలాచోట్ల వంటవారు ఇంటికి వెళ్లిపోవాలని రాత్రి భోజనం సాయంత్రం ఆరున్నరకే ముగించి, మర్నాడు ఎనిమిదిన్నర దాకా ఏమీ పెట్టరు. ఇన్సులిన్ తీసుకునేవారికి ఆ పద్నాలుగు గంటలు ప్రమాదమే. షుగరు 70 కన్నా దిగితే చెమటలు పడతాయి, తికమక పడతారు. మతిమరుపు ఉన్నవారు దాన్ని నోటితో చెప్పలేరు గనుక, ఆయా అది మామూలు చాదస్తమే అనుకునే అవకాశం ఎక్కువ. ఒకరి ఇన్సులిన్ పెన్నును సూది మార్చి మరొకరికి వాడటం కూడా తప్పేనని అక్కడి నర్సుకు తెలుసా అన్నది కనుక్కోండి.

వీటన్నిటికీ సరైన జవాబు వస్తే, బాత్రూములో పట్టుకునే కడ్డీలు గట్టిగా ఉంటే, నేను పాత భవనం వైపే మొగ్గుతాను. డిపాజిట్ కట్టేముందు ఒక నెల ఉంచి చూడండి. ఆస్పత్రికి తీసుకెళ్లవలసి వస్తే ఎక్కడికి, ఎవరు వెంట వెళ్తారు, డిపాజిట్ ఎప్పుడు తిరిగి ఇస్తారు అన్నవి కాగితం మీద రాయించుకోండి. వారానికోసారి, వేళ మార్చి మార్చి వెళ్లి చూసే బంధువు ఒకరు హైదరాబాద్‌లో ఉండాలి. వీడియో కాల్‌లో మీకు కనిపించేది దువ్విన తల మాత్రమే.

ప్రశ్న: డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న మా నాన్నగారు ఆశ్రమంలో చేరాక పగలంతా మగతగా ఉంటున్నారు. మందులు ఎక్కువ ఇస్తున్నారేమోనని అనుమానం. ఎవరిని అడగాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందుగా ఏ మందు, ఎంత మోతాదు, ఏ డాక్టరు, ఏ తేదీన రాశారో ఆ చీటీ నకలు అడగండి, ఇవ్వడానికి ఒప్పుకోకపోతే అదే ఒక జవాబు. డిమెన్షియా ఉన్న పెద్దవారికి ఆందోళన తగ్గించడానికి ఇచ్చే కొన్ని యాంటీసైకోటిక్ (తీవ్ర మానసిక రోగాలకు వాడే) మందులు మరణాల ముప్పును పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. అలాగని మీ అంతట మీరు మందు ఆపించవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, కిందపడి తలలో రక్తం గడ్డకట్టడం వల్ల కూడా ఇలాంటి మగతే వస్తుంది కనుక వెంటనే బయటి డాక్టరుకు చూపించండి. ఆశ్రమం వారు సహకరించకపోతే 14567 నంబరులో పెద్దవారి కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్‌కు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఫోన్ చేయవచ్చు. ఫోన్ చేసేటప్పుడు మందుల చీటీ, మీరు మగతను గమనించిన తేదీలు దగ్గర పెట్టుకోండి.