4×5 నెగెటివ్‌కి ఎన్లార్జర్ లెన్స్: 135 కొనాలా, 150 కొనాలా?

మీరు అడిగింది: "4×5 నెగెటివ్‌ల నుంచి 20×24 దాకా ప్రింట్లు తీయాలి. 135 ఎంఎం తీసుకోనా, 150 తీసుకోనా? రోడెన్‌స్టాక్ మంచిదా, ష్నైడర్ మంచిదా?"

150 తీసుకోండి. గది పైకప్పు మరీ కిందికి ఉంటే 135. కంపెనీ ఏదైనా ఒకటే. మీ ప్రశ్న వరకు జవాబు ఇంతే. కానీ ఈ ప్రశ్న అడిగేవాళ్లు డబ్బు తగలేసేది లెన్స్ మీద, తలనొప్పి తెచ్చుకునేది ఇంకోచోట. ఆ ఇంకోచోటు గురించి ఎవరూ అడగరు.

ముందు ఎత్తు సంగతి. ఎన్లార్జర్ నెగెటివ్‌ని పైన పట్టుకుని, లెన్స్ గుండా బొమ్మని కింద కాగితం మీదికి పెద్దగా వేస్తుంది. 4×5 అంగుళాల నెగెటివ్‌కి 20×24 అంగుళాల ప్రింట్ అంటే దాదాపు ఐదు రెట్లు. నెగెటివ్ నుంచి కాగితం దాకా 150కి సుమారు 108 సెంటీమీటర్లు కావాలి, 135కి 97 చాలు. చాలామందికి 135, 150ల మధ్య తేడా ఈ 11 సెంటీమీటర్లే. అలాగని 105కి దిగకండి. అది 6×9 సెంటీమీటర్ల నెగెటివ్ వరకే, 4×5కి పెడితే మూలలకి వెలుగు చాలదు. వైడ్ యాంగిల్ రకంలో రోడెన్‌స్టాక్ వాళ్ల రోడగాన్-డబ్ల్యూఏ 120 ఉంది, 4×5కి సరిపోతుంది, దొరికితే అదృష్టమే. ఇంకో మాట, 150 లెన్సుల మర చాలావాటికి 50 ఎంఎం. వాటికి 39 ఎంఎం బోర్డులు (లెన్స్‌ని ఎన్లార్జర్‌కి బిగించే పలకలు) పనికిరావు.

ఆ బోర్డు దగ్గరే అసలు కథ.

విజయవాడలో నా స్నేహితుడొకడు మూతబడ్డ స్టూడియో నుంచి 4×5 ఎన్లార్జర్ తెచ్చుకున్నాడు. లెన్స్ ష్నైడర్ వాళ్ల కాంపోనాన్-ఎస్ 150. బోర్డు లేకపోతే ఆటోనగర్‌లో ఓ లేత్ షాపులో అల్యూమినియం పలకకి చిల్లు కోయించి, వెనక రింగుతో లెన్స్ బిగించాడు. ప్రింట్ తీస్తే మధ్యలో కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, కుడి అంచు మాత్రం మసక.

పెద్ద ప్రింట్లకి కాలమ్ (నిలువు స్తంభం) ఎత్తు చాలక, హెడ్డుని (నెగెటివ్, లెన్స్ ఉండే పైభాగాన్ని) వెనక్కి తిప్పి, ఎన్లార్జర్ పడిపోకుండా పీట మీద రుబ్బురోలు పొత్రం పెట్టి, బొమ్మని నేల మీదికి వేసేవాడు. ఆ గది ఒకప్పటి స్నానాల గది. నేలకి తూము వైపు వాటం ఉంది. తప్పంతా ఆ వాటానిదే అని తేల్చేశాడు. చెంబుతో నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో నాకు చూపించాడు కూడా. ఈజిల్ (కాగితాన్ని పట్టే చట్రం) కింద పాత క్యాలెండర్ అట్టలు ముక్కలు చేసి పెట్టాడు. మసక పోలేదు. ఇక లెన్సే పోయిందని, అప్పు చేసైనా అపో-రోడగాన్ అనే ఖరీదైన లెన్స్ కొనాలని ఒకటే టెన్షన్.

అప్పుడు మాస్టారు వచ్చారు. జీవితమంతా స్టూడియోల్లో ప్రింట్లు తీసిన మనిషి. అట్టముక్కలు చూసి నవ్వారు. "నేలని వదిలెయ్యరా అబ్బాయ్. కింద అరసెంటీమీటరు తేడా ఉన్నా కాగితం సర్దుకుంటుంది. పైన నూలుపోగంత తేడా వచ్చినా సర్దుకోదు" అన్నారు. లెన్స్‌తో సహా బోర్డుని తీసి, అటుది ఇటు తిప్పి పెట్టారు. మసక కుడి నుంచి ఎడమకి వచ్చేసింది. అంటే నేల తప్పూ కాదు, హెడ్డు తప్పూ కాదు. తర్వాత రింగు వదులు చేసి, బోర్డు కదలకుండా లెన్స్‌ని మాత్రం సగం చుట్టు తిప్పి బిగించారు. ఈసారి మసక కదల్లేదు, ఎడమవైపే ఉంది.

"లెన్స్ బంగారంరా. పలకే వంకర."

చూస్తే చిల్లు అంచున ఒకవైపు చిన్న లోహపు ముల్లు. కోసినవాడు నున్నగా రాయకుండా వదిలేశాడు. లెన్స్ దానిమీద ఎక్కి ఒరిగి కూర్చుంది. ఆకురాయితో నాలుగు గీతలు గీస్తే సరిపోయింది. ఐదు రెట్లు పెద్దది చేసేటప్పుడు లెన్స్ ఒక డిగ్రీ ఒరిగితే, కాగితం దగ్గర ఫోకస్ దాదాపు ఆరు డిగ్రీలు ఒరుగుతుంది. ఎన్ని అట్టలు పెడితే ఏం లాభం?

అన్నట్టు, మూలల్లో ఫోకస్ చూడటానికి మామూలు గ్రెయిన్ ఫోకసర్ (కాగితం మీద పడే బొమ్మని పెద్దది చేసి చూపే పరికరం) పనికిరాదు, అది మధ్యలోనే చూపిస్తుంది. పీక్ మోడల్ 1 లాంటిదైతే మూలలూ కనిపిస్తాయి.

"లార్జ్ ఫార్మాట్ కదా, లెన్స్ ఎంత ఖరీదైతే అంత మంచిది" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లెక్క చూడండి. 35 ఎంఎం ఫిల్ము నుంచి 16×20 తీయాలంటే దాదాపు 17 రెట్లు పెంచాలి. 4×5కి నాలుగు రెట్లే. లెన్స్ చచ్చీచెడీ పనిచేయాల్సింది చిన్న ఫిల్ముకి! లోపల ఆరు గాజులుండే (ఆరు ఎలిమెంట్ల) రోడగాన్, కాంపోనాన్-ఎస్, నికాన్ వాళ్ల ఎల్-నిక్కోర్, వీటిలో మీకు శుభ్రంగా దొరికింది కొనండి. మూడింటితో తీసిన ప్రింట్లు కలిపేసి ముందు పెడితే ఏది దేనిదో చెప్పగలిగినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. లెన్స్ రంధ్రం (అపర్చర్) ఎఫ్/11లో పెట్టి వాడండి. ఎఫ్/22కి పోతే ఎంత గొప్ప లెన్సైనా మెత్తబడుతుంది. నెగెటివ్‌ని గాజుల మధ్య పట్టే గాజు క్యారియర్ తప్పనిసరి, లేకపోతే ఇంత పెద్ద ఫిల్ము దీపం వేడికి మధ్యలో ఉబుకుతుంది.

అమ్మేవాళ్లు మాత్రం "మింట్ కండిషన్" అని రాసి, ముందువైపు ఫోటో ఒకటి పెట్టి ఊరుకుంటారు. వెనక నుంచి టార్చ్ వేసి తీసిన ఫోటో అడగండి. పంపను అంటే లోపల బూజు ఉన్నట్టే లెక్క. మన కోస్తా ఉక్కపోతకి అది కోటింగ్‌ని తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు.

తాతల నాటి హాఫ్ ప్లేట్ (4×5 కంటే పెద్ద) నెగెటివ్‌లు కూడా ఉన్నాయని రాశారు. వాటికి 210 ఎంఎం లెన్సూ, 5×7 ఎన్లార్జరూ కావాలి. అంత అవసరమా? సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్ పెద్ద గాజు ప్లేట్లని నేరుగా కాగితానికి ఆనించి ప్రింట్లు తీశారు, మధ్యలో లెన్సే లేదు. మీరూ కాంటాక్ట్ ప్రింట్ తీయండి.

మీ ఎన్లార్జర్ ఏదో, గది ఎత్తు ఎంతో రాయలేదు. కొలిచి కింద రాస్తే 150 పడుతుందో లేదో లెక్క వేసి చెబుతాను.