దోమల లిక్విడ్ రాత్రంతా పెడితే పాప ఎంత పీలుస్తుంది? లెక్క ఇలా వేయండి

మీ ప్రశ్న: నెల్లూరులో 10×12 అడుగుల పడకగది, తలుపులు మూసి ఏసీ, రాత్రంతా దోమల లిక్విడ్ మెషిన్, రెండేళ్ల పాప. ఊపిరితో ఎంత మందు లోపలికి పోతుందో తేల్చవచ్చా అని. తేల్చవచ్చు. నెదర్లాండ్స్ ప్రజారోగ్య సంస్థ ఆర్‌ఐవీఎం ఇలాంటి లెక్కలకే కన్స్‌ఎక్స్‌పో అనే ఉచిత సాధనం పెట్టింది గానీ, ఈ లెక్కకు కాలిక్యులేటర్ చాలు.

ముందు గాలిలోకి ఎంత వదులుతోందో చూడాలి. సీసా మీద ట్రాన్స్‌ఫ్లూత్రిన్ (దోమలను చంపే అసలు మందు) 1.6 శాతం అని ఉందనుకుందాం. అది బరువులో శాతం. చాలామంది దాన్ని మిల్లీలీటర్లకు వేసేసి ఇక్కడే తప్పుతారు. 45 మి.లీ. ద్రవం కిరోసిన్ లాంటి తేలిక ద్రావణి కనుక సుమారు 36 గ్రాములే. అందులో అసలు మందు 576 మిల్లీగ్రాములు. రోజుకు 8 గంటల చొప్పున 45 రాత్రులు వస్తే గంటకు 1.6 మి.గ్రా. అయితే ఈ రాత్రుల లెక్క అట్టపెట్టె చూసి తీసుకోకండి. సీసాను తూచండి. రాత్రికి తగ్గేది 0.8 గ్రాములే కాబట్టి వంటింటి తూకం దాన్ని పట్టదు, వారం వాడాక తూచాలి. 0.01 గ్రాము చూపే చిన్న తూకం ఉంటే ఒక్క రాత్రి చాలు. మెషిన్‌కు హై, నార్మల్ మీటలుంటే రెండూ విడివిడిగా తూచండి.

గది ఎత్తు 10 అడుగులైతే 1,200 ఘనపుటడుగులు, అంటే 34 ఘనపు మీటర్లు.

ఇక మొత్తం ఫలితాన్ని తారుమారు చేసేది గంటకు గదిగాలి ఎన్నిసార్లు మారుతోంది అన్న అంకె. ఫ్యాను గాలిని కలియబెడుతుందే గానీ బయటికి పంపదు. మామూలు స్ప్లిట్ ఏసీ కూడా అంతే, లోపలి గాలినే తిప్పుతుంది. ఐరోపా పట్టికల్లోని విలువ ఎత్తుకొచ్చి పెట్టేకంటే కొలుచుకోవడం నయం. కార్బన్ డయాక్సైడ్ మీటరు సంపాదించండి. ఉదయం అందరూ బయటికొచ్చి తలుపు వేశాక 1,400 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు ఇన్ని) చూపింది, గంటకు 1,000కి దిగింది, బయట 420 అనుకోండి. 980ని 580తో భాగించి సహజ లాగరిథమ్ (కాలిక్యులేటర్‌లో ln మీట) తీస్తే 0.52. గంటకు దాదాపు సగంసార్లు గాలి మారుతోందన్నమాట. ఆ గంటలో గదిలో మనిషి ఉంటే కొలత చెడిపోతుంది.

నిలకడకు వచ్చాక సాంద్రత = 1.6 ÷ (34 × 0.5) = ఘనపు మీటరుకు 0.094 మి.గ్రా. దాదాపు అంత నిండడానికి ఆరు గంటలు పడుతుంది కాబట్టి 8 గంటల సగటు తగ్గి 0.071 అవుతుంది. నిద్రలో రెండేళ్ల పాప గంటకు సుమారు 0.27 ఘనపు మీటర్ల గాలి పీలుస్తుంది. 0.071 × 0.27 × 8 = 0.153 మి.గ్రా. పాప 12 కిలోలైతే కిలోకి 0.013 మి.గ్రా. అదే మంచం మీది 55 కిలోల తల్లికి 0.003 మాత్రమే. పెద్దవాళ్లకు వేసిన లెక్క పిల్లలకు వర్తించదని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఈ అంకెను ఎల్‌డీ50తో పోల్చకండి. అది పరీక్ష జంతువుల్లో సగాన్ని ఒక్కసారిగా చంపే మోతాదు, రోజూ పీల్చడానికి సంబంధం లేదు. జంతువులకు పదేపదే పీల్పించిన పరీక్షలో హాని కనబడని మోతాదు తీసుకుని, పాప మోతాదుతో భాగించండి. కనీసం 100 రావాలి: జంతువుకీ మనిషికీ తేడాకు 10, మనిషికీ మనిషికీ తేడాకు 10. అలాంటి పరీక్షలు సాధారణంగా రోజుకు 6 గంటలు, వారానికి 5 రోజులు, అంటే 30 గంటలు నడుస్తాయి. మీ పాపకు వారానికి 56 గంటలు. పరీక్షలోని మోతాదును ఆ నిష్పత్తిలో తగ్గించాకే పోల్చాలి.

ఈ నమూనాలో ఒక లోపముంది. మందు కొంత గోడలకు, దుప్పట్లకు, బొమ్మలకు పట్టుకుంటుంది. అందుకని గాలిలోది కాస్త ఎక్కువగా చూపిస్తుంది, చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలకు అటునుంచి చేరేదాన్ని అసలు లెక్కలోకి తీసుకోదు. మెషిన్‌ను మంచానికి దూరంగా పెట్టి, దుప్పట్లు, బొమ్మలు తరచూ ఉతకండి.

తుఫాన్ల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, దోమలు ముసిరి కిటికీలు మూస్తాం, మందూ అప్పుడే ఎక్కువ వాడతాం. కిటికీకి జాలీ కొట్టించి తెరిచి ఉంచితే గాలి గంటకు 3 సార్లు మారవచ్చు. అప్పుడు సగటు 0.015కి, పాప మోతాదు కిలోకి 0.0027కి, ఐదో వంతుకు దిగుతుంది. దోమతెర కడితే మెషిన్ రాత్రంతా నడపాల్సిన పనే ఉండదు.