సమాధానం: యుద్ధ జ్ఞాపకాల్లో ‘బ్యాటరీ’ అంటే?

‘రెండు బ్యాటరీలను కొండ మీదికి చేర్చారు’ అన్న వాక్యాన్ని తెలుగులోకి ఎలా తేవాలో తోచడం లేదన్నారు కదండీ. అక్కడ కరెంటు ప్రసక్తే లేదు. బ్యాటరీ అంటే ఒకే అధికారి కింద కలిసి పేలే ఫిరంగులు, వాటి సిబ్బంది. మన సైన్యంలో కూడా ఆర్టిలరీ (ఫిరంగుల విభాగం) రెజిమెంటును బ్యాటరీలుగానే విభజిస్తారు. ‘శతఘ్ని దళం’ అని మాత్రం రాయకండి, చదివేవాళ్లు మొత్తం ఆర్టిలరీ అనుకుంటారు. మొదటిసారి ‘ఫిరంగుల బ్యాటరీ’ అని, తర్వాత ఉత్త ‘బ్యాటరీ’ అని రాస్తే చాలు.

బ్యాటరీ అన్న మాటకు మూలం ఫ్రెంచిలో ‘కొట్టు’ అనే క్రియ. ఇంగ్లిష్ చట్టంలో ఒకరి మీద చెయ్యిచేసుకోవడాన్ని బ్యాటరీ అనేది అందుకే. మన శిక్షాస్మృతిలో ఆ పేరు లేదు, అక్కడ ‘క్రిమినల్ ఫోర్స్’ అంటారు. కోర్టు సన్నివేశం వస్తే ఇది గుర్తుంచుకోండి.

విద్యుత్తుకు ఈ పేరు తెచ్చింది బెంజమిన్ ఫ్రాంక్లిన్. 1749లో ఆయన విద్యుత్తు నిలవచేసే లేడెన్ జాడీలను వరసగా కలిపి, ఆ అమరికను బ్యాటరీ అన్నాడు. ఫిరంగుల్లాగే అవీ ఒక్కసారిగా దెబ్బ కొడతాయి మరి! ఇటలీ శాస్త్రవేత్త వోల్టా తన సెల్‌ దొంతరను, అంటే ఇప్పుడు మనం బ్యాటరీ అనే దాని తొలి రూపాన్ని, ప్రకటించింది 1800లో, అంటే పేరే ముందు పుట్టింది. నాకు ఎంతో ఇష్టమైన కథ ఇది.

కోళ్లఫారాల్లో వరస పంజరాలు, చదరంగంలో ఒకే గీత మీద నిలిచిన మంత్రి, ఏనుగు కూడా బ్యాటరీలే.