కొట్టేయబోయే మామిడి మీది వాండాను వేరే చెట్టుకు మార్చడం ఎలా?

కడప దగ్గర తోటలో ముసలి మామిడి కొట్టేస్తున్నారు, కొమ్మ మీదున్న వాండా ఆర్కిడ్‌ను పీకి ఇంకో చెట్టుకు కడితే బతుకుతుందా అని అడిగారు. బతుకుతుంది, కానీ పీకొద్దు.

ముందు అది వాండానో బదనికో చూసుకోండి. పట్టీల్లాంటి దళసరి ఆకులు రెండు వరుసల్లో ఉండి, బెరడు మీద లావుపాటి తెల్లటి వేర్లు పాకుతుంటే అది వాండా. బదనిక కొమ్మలోకి దిగి రసం పీలుస్తుంది. వాండా పీల్చదు, బెరడును పట్టుకుని ఉంటుందంతే. తోటల్లో బదనికతో పాటు దీన్నీ నరికి పారేస్తున్నారు, అది చాలా అన్యాయం.

వీలైతే తొలకరి దాకా చెట్టు కొట్టొద్దు. మే ఎండల్లో కదిలిస్తే కొత్త వేరు రాకముందే ఆకులు ముడుచుకుపోతాయి. వానలు పడి వేరు కొసలు పచ్చగా మారినప్పుడు, మొక్కకు అటూ ఇటూ అడుగు వదిలి కొమ్మను రంపంతో కోయండి. ఊడదీసిన పాత వేరు మళ్లీ బెరడుకు అంటుకోదు, అందుకే కొమ్మ ముక్కతో సహా మార్చాలి. ఆ ముక్కను చింత, వేప లేదా ఇంకో మామిడి మానుకు, ఆరేడు అడుగుల ఎత్తులో, తూర్పు వైపు, కదలకుండా నూలుగుడ్డతో బిగించండి. బెరడు ఊడిపోయే జామ, నీలగిరి పనికిరావు. ఇనుప తీగ వాడితే వేర్లు కోసుకుపోతాయి. చుట్టూ కొబ్బరిపీచు దట్టిస్తే తడి ఆరక కుళ్లిపోతాయి.

వాన లేని రోజుల్లో పొద్దున్నే, తెల్లటి వేర్లు పచ్చబడేదాకా నీళ్లు చల్లండి. సాయంత్రం వద్దు, మొవ్వులో నీరు నిలిస్తే మొక్క నడిమికి కుళ్లుతుంది. మన బోరునీళ్లలో ఉప్పెక్కువ, వేర్ల మీద తెల్లగా పేరుకుని కొసలు నల్లబడతాయి. వాననీరు పట్టి పెట్టుకోండి. కొత్త వేర్లు మానును పట్టాకే నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఎరువు, లీటరుకు గ్రాము, పదిహేను రోజులకోసారి చాలు. మానుకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన తెగులు మందు) పూసేటప్పుడు ఆ వేర్లను వదిలేయండి.

ఇంకొన్ని కావాలని లంకమల నుంచి మాత్రం తేవొద్దు. అది అభయారణ్యం, 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి లేకుండా అక్కడి మొక్క తీయడం నేరం. పైగా తీసిన మొక్క స్థానంలో కొత్తది రావడం చాలా కష్టం. దుమ్ములాంటి విత్తనంలో ఆహారం నిల్వ ఉండదు, బెరడు మీద తగిన శిలీంధ్రం దొరికితేనే మొలుస్తుంది. అందుకే మీ మొక్కకు కాయ వస్తే తెంపకండి. అది పండి పగలడానికి నెలలు పడుతుంది, విత్తనాన్ని గాలే పక్క చెట్లకు చేరుస్తుంది.