దేశం బయట బతికిన సింగర్ చేసిన ఆల్బమ్, భాష రాకపోయినా ఎక్కేది ఏదన్నా ఉందా?

ఈ ప్రశ్నకి అందరూ బ్రెజిల్ సింగర్ కైతానో వెలోసో ఆల్బమ్ ‘ట్రాన్జా’ చెప్తారు, తప్పేం లేదు, 2007లో రోలింగ్ స్టోన్ బ్రెజిల్ అనే మ్యూజిక్ పత్రిక వాళ్ళు వేసిన 100 గొప్ప బ్రెజిల్ ఆల్బమ్‌ల లిస్టులో అది 10వది. కానీ నన్నడిగితే దానికంటే ముందు, 1971లో వచ్చిన, ఆయన పేరే పెట్టుకున్న లండన్ ఆల్బమ్ వినండి, అదీ చివరి పాట నుంచి.

1968 డిసెంబర్లో బ్రెజిల్ మిలటరీ ప్రభుత్వం ఆయన్నీ, తోటి సింగర్ జిల్బెర్టో జిల్‌నీ పట్టుకుపోయి రెండు నెలలు లోపలేసింది, తర్వాత కొన్నాళ్ళు సల్వడోర్ సిటీ దాటనీకుండా పెట్టి 1969లో దేశం నుంచే పంపేసింది, అట్లా లండన్ చేరాడు. మధ్యలో అమ్మానాన్నల పెళ్ళయి 40 ఏళ్ళయిందని పర్మిషన్ మీద వస్తే, ఎయిర్‌పోర్ట్ నుంచే తీసుకెళ్ళి గంటల తరబడి ప్రశ్నలేసి, అప్పుడు కడతా ఉన్న అమెజాన్ హైవేని పొగుడుతా పాట రాయమన్నారంట. రాయలేదనుకోండి.

ఆల్బమ్‌లో ఉండేది 7 పాటలు, ఎక్కువ ఇంగ్లీషే. చెల్లెలు మరియా బెతానియా పేరు మీద ఒకటుంది, జాబు రాయి, అక్కడ ఏమన్నా బాగుపడతా ఉందా అని అడిగే పాట, నేను ఫస్ట్ అక్కడ ఆగిపోయా. మాది ఉదయగిరి పక్క మెట్ట. నాయన కువైట్‌లో డ్రైవర్‌గా ఉన్నప్పుడు ఊరికి ఎవరన్నా వస్తా ఉంటే క్యాసెట్లో మాట్లాడి పంపేవాడు. అమ్మ టేప్‌రికార్డర్ మంచం మీద పెట్టి నొక్కితే ముందు ఏసీ గుయ్యిమనే సౌండు, తర్వాత ఒక దగ్గు, ఆ తర్వాత వాన పడిందా, బోర్లో నీళ్ళు ఎట్టా ఉండాయి అని, మా చదువుల సంగతి ఆ తర్వాతే. మాటలు అయిపోయినా ఆపేవాడు కాదు, ఉత్త ఏసీ సౌండే వస్తా ఉండేది, అమ్మా ఆపేది కాదు.

ఇంక ఆ చివరి పాట ‘ఆజా బ్రాంకా’, అంటే తెల్ల రెక్క, ఒక పిట్ట పేరు. 1947లో లూయిజ్ గొంజాగా పాడింది, బ్రెజిల్‌లో చిన్నపిల్లలకి కూడా వచ్చు. సెర్తావ్ అని వాళ్ళ మెట్ట, వానల్లేక గొడ్లు పోయి, గుర్రం దాహంతో చచ్చి, చివరికి ఆ పిట్ట కూడా ఎగిరిపోతే ఇంక మనిషీ బయల్దేరతాడు, వానొస్తే తిరిగొస్తా ఏడవొద్దు అని ప్రేమించిన పిల్లకి చెప్పి. కైతానో దాన్ని బాగా నిదానం చేసి, మాటలొదిలేసి గొంతుతోనే మూలగతా లాగతాడు. కరువు పాటే, కానీ మిలటరీ తరిమినోడు లండన్‌లో కూచుని తిరిగొస్తా అంటే ఎట్టుంటుందో వినండి. మా నాయనది పొట్టకూటి ప్రయాణం, రెండేళ్ళకోసారి వచ్చాడు, రావద్దని ఎవరూ అన్లా, రెండూ ఒకటని నేననను.

మొన్న సంక్రాంతికి నాయనకి వినిపించా. మొత్తం విని, “గొంతు పట్టేసినట్టుందిరా ఆయనకి, మిరియాల పాలు తాగాల్సింది” అన్నాడు, కాసేపాగి ఇంకోసారి పెట్టమన్నాడు.

ఇది అయినాక ట్రాన్జాకి పోండి. అందులో ‘త్రిస్తె బాయియా’ దాదాపు 10 నిమిషాలుంటది, మెల్లగా మొదలై డప్పులన్నీ ఒకదాని మీదొకటి ఎక్కతాయి, ఫోన్ స్పీకర్లో వద్దు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.